హక్కూ, హద్దూ

హక్కు అన్న మాట మనకు అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా, ఉర్దూ మీదుగా వచ్చింది. దాని వెనకాలే హద్దు కూడా వచ్చింది. వకీలు, ఫిర్యాదు, జామీను, ఖైదు, జప్తు, దస్తావేజు - కచేరీ మెట్లెక్కిన తెలుగువాడి నోట ఇవాళ్టికీ ఈ మాటలే వస్తాయి. పొలం గట్టు మీద తగాదా పడే ఇద్దరు రైతులు హక్కనీ హద్దనీ అరుచుకుంటారే తప్ప అవి ఏ మతం మాటలని అడగరు. మాటలు ఈ నేలలో ఇంకిపోయాయి. ఆ మాటలు ఇంట్లో మాట్లాడుకునే మనుషులు మాత్రం ఇంకా పరాయివాళ్లుగానే లెక్కకొస్తున్నారు.

రాజ్యాంగం మూడో భాగాన్ని ఉర్దూ పత్రికలు బునియాదీ హుకూక్ అంటాయి. తెలుగు పత్రికలు ప్రాథమిక హక్కులు అంటాయి. రెండు భాషల్లోనూ వార్తలు రాసేవాడికి ఒక సంగతి తేలిగ్గానే కనబడుతుంది. ముస్లింల హక్కులు అనగానే రెండు చోట్లా 25 నుంచి 30 దాకా ఉన్న అధికరణాలే గుర్తుకొస్తాయి. మతం, భాష, విద్యాసంస్థలు. సమానత్వం చెప్పే 14, భావప్రకటన గురించి చెప్పే 19, ప్రాణమూ స్వేచ్ఛా గురించి చెప్పే 21, అరెస్టు గురించి చెప్పే 22 - ఇవి "అందరివీ". అందరివీ కాబట్టి మనవి కావన్నట్టే ఉంటుంది వ్యవహారం.

కానీ ఈ దేశంలో ముస్లిం బతుకును ఎక్కువగా తాకింది ఆ అందరి హక్కులే. వాటికి గీసిన హద్దులే. ఆ హద్దులు ఎక్కడ ఆగాలో మొదటి నుంచీ గట్టిగా అడిగినవాళ్లలో ముస్లింలు ఉన్నారు. వాళ్లు అడిగింది ముస్లింల కోసం మాత్రమే కాదు. ఈ చరిత్రను మెజారిటీ మరిచిపోయిందంటే అర్థం చేసుకోవచ్చు. మనమూ మరిచిపోయాం.

రాజు మనవాడైతే హక్కులు మనవేనా?

నిజాం కాలం గురించి రెండు అబద్ధాలు చలామణీలో ఉన్నాయి. అప్పట్లో ముస్లింలందరూ ఏలికలే అన్నది ఒకటి. అది "మన రాజ్యం" అన్నది రెండోది. ఒకటి ద్వేషంతో పుట్టింది, రెండోది బెంగతో పుట్టింది. రెండింటికీ పునాది ఒకటే. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ "అనల్ మాలిక్" అన్న భావన నేర్పింది. నేనే ఏలికను అని దానర్థం. జట్కా తోలేవాడూ, బీడీలు చుట్టేవాడూ, దేవిడీలో పాలేరుగా ఉన్నవాడూ అందరూ ఏలికలే.

మరి ఆ ఏలిక నలుగురిని కూడగట్టి తన కష్టం చెప్పుకోవాలంటే? సర్కారు ఇజాజత్ కావాలి. గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వు సభలను ముందస్తు అనుమతికి కట్టిపడేసింది. ఆంధ్రోద్యమ చరిత్ర చదివినవాళ్లకు ఈ గస్తీ బాగా తెలుసు. గ్రంథాలయ సభకైనా అనుమతి కోసం దరఖాస్తులు పట్టుకుని తిరిగిన రోజులవి. అయితే సర్కారు గొంతు నొక్కింది తెలుగువాళ్లది, హిందువులది మాత్రమే అనుకుంటే సగం చరిత్రే అవుతుంది. కార్మికుల్లో పనిచేసిన మఖ్దూం మొహియుద్దీన్ అజ్ఞాతంలోకి వెళ్లవలసి వచ్చింది. రజాకార్లను ఎదిరించి, ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో చంపారు. ఆయన ఉర్దూలో రాసిన ముస్లిం. ఆయన్ను కాపాడే ఏ హక్కూ ఆ రాజ్యంలో లేదు.

రాజు మన మతంవాడు కావడం ఒక సంగతి. మనకు హక్కులుండడం వేరే సంగతి. ఇది నిన్నటి నిజాం రాజ్యానికి ఎంత నిజమో, "మావాడే ఏలుతున్నాడు" అని ఇవాళ మురిసిపోయే మెజారిటీ పేదవాడికీ అంతే నిజం.

1948 డిసెంబర్: అక్కడా, ఇక్కడా

1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్య 17న ముగిసింది. హైదరాబాదు సైనిక గవర్నర్ చేతిలోకి వెళ్లింది. తర్వాత జరిగిన హత్యాకాండ గురించి తెలుసుకోవడానికి పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను భారత ప్రభుత్వం పంపింది. నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా వాళ్లు ఈ సంస్థానంలో తిరిగారు. చనిపోయినవాళ్లు కనీసం 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నాశనమయ్యాయని రాశారు. ముస్లింలను తమ ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించీ, అంతకు ముందు రజాకార్లు చేసిన అఘాయిత్యాల గురించీ కూడా రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013లో గానీ మామూలు పాఠకుడు దాన్ని ఢిల్లీలో చూడగలిగే వీలు కలగలేదు.

ఇప్పుడు అవే తేదీల్లో ఢిల్లీ చూడండి. డిసెంబర్ 1, 2 తేదీల్లో రాజ్యాంగ సభ ముసాయిదా 13వ అధికరణం మీద చర్చించింది. అదే ఇవాళ్టి 19. డిసెంబర్ 6న, మళ్లీ 13న ముసాయిదా 15వ అధికరణం చర్చకొచ్చింది. అదే ఇవాళ్టి 21. మనిషి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ రాజ్యం ఎప్పుడు తీసుకోవచ్చు అన్నది అక్కడి చర్చ. మనిషి ప్రాణం ఎట్లా పోయింది అన్నది ఇక్కడ సుందర్‌లాల్ బృందం అడుగుతున్న ప్రశ్న. ఆ సభలో అప్పుడు హైదరాబాదు ప్రతినిధులు ఒక్కరూ లేరు.

ఉన్న ముస్లిం సభ్యుల పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. దేశం చీలి ఏడాదిన్నర కాలేదు. ముస్లిం లీగ్ టికెట్ మీద గెలిచి ఇక్కడే ఉండిపోయినవాళ్ల ప్రతి మాటా అనుమానంగానే వినబడే రోజులవి. వాళ్లు ప్రత్యేక నియోజకవర్గాలు అడిగారు, ఓడిపోయారు. చరిత్ర పుస్తకాల్లో మిగిలింది అదొక్కటే. మిగలనిది ఇంకొకటుంది.

మద్రాసు నుంచి వచ్చిన మహబూబ్ అలీ బేగ్ ముసాయిదా 13ను తప్పుపట్టారు. మొదటి క్లాజులో హక్కులిచ్చి, కింది క్లాజుల్లో చట్టసభ ఇష్టం వచ్చినట్టు తీసుకోనిస్తే అది ప్రాథమిక హక్కు ఎట్లా అవుతుందని అడిగారు. హక్కులను చట్టానికి లోబరిచిన జర్మనీలో హిట్లర్ ఆ చట్టంతోనే ఏం చేశాడో గుర్తుచేశారు. మధ్య పరగణాలు-బేరార్ నుంచి వచ్చిన ఖాజీ సయ్యద్ కరీముద్దీన్ ఇంకో సవరణ తెచ్చారు. సరైన కారణం లేకుండా మనిషి ఇంటినీ, ఒంటినీ, కాగితాలనూ సోదా చేయకూడదని రాజ్యాంగంలోనే రాయమన్నారు. అంబేడ్కర్ దానికి ఒప్పుకోవడానికి సిద్ధపడ్డారు కూడా. అయినా సభలో అభ్యంతరాలు లేచాయి, చివరికి అది రాజ్యాంగంలోకి ఎక్కలేదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చినప్పుడు ఈ కరీముద్దీన్ సవరణ చరిత్రను తవ్వి తీయవలసి వచ్చింది.

ముసాయిదా 15 దగ్గర అసలు పోరు జరిగింది. "చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం" తప్ప ఎవరి ప్రాణమూ స్వేచ్ఛా తీయరాదని ముసాయిదా. కరీముద్దీన్ ఆ మాటలు తీసేసి, అమెరికా రాజ్యాంగంలో మాదిరిగా న్యాయమైన చట్ట ప్రక్రియ అన్న అర్థం వచ్చే మాట పెట్టమన్నారు. తేడా చిన్నది కాదు. మొదటిదైతే చట్టసభ ఒక పద్ధతి రాస్తే చాలు, అది ఎంత దుర్మార్గపు పద్ధతైనా చెల్లుతుంది. రెండోదైతే ఆ పద్ధతి న్యాయమైనదేనా అని కోర్టు అడగగలుగుతుంది.

అవతలి వాదనలోనూ పస ఉంది, దాన్ని దాచకూడదు. అమెరికాలో ఆ మాటను అడ్డం పెట్టుకునే కోర్టులు కార్మిక చట్టాలు కొట్టేశాయి. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ లాంటి న్యాయకోవిదులకు ఆ భయం ఉంది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిస్తే ఆయనా ఆ మాట వద్దనే చెప్పారు. జమీందారీలు రద్దు కావాలని కోరుకునేవాళ్లు ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. అంబేడ్కర్ రెండు వాదనలూ సభ ముందుంచి నిర్ణయం సభకే వదిలారు. కరీముద్దీన్ ఓడిపోయారు.

1949 సెప్టెంబర్‌లో అంబేడ్కరే కొత్త అధికరణం ఒకటి తెచ్చారు. అదే ఇవాళ్టి 22. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. 15వ అధికరణంలో పోయినదానికి ఇది కొంత పరిహారమని ఆయన ఉద్దేశం. కానీ అదే అధికరణంలో ముందస్తు నిర్బంధానికీ చోటిచ్చారు. నేరం చేసినందుకు కాదు, చేస్తాడేమోనన్న అనుమానంతో ఖైదు చేయడం. శాంతికాలంలో కూడా వాడుకునేట్టు దీన్ని ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే రాసుకున్న ప్రజాస్వామ్యాలు అరుదు.

తేదీ అనే హద్దు

1950 జనవరి 26న హక్కులు అమల్లోకొచ్చాయి. ఆ తేదీయే ఒక హద్దు అయింది.

సైనిక పాలన కాలంలో హైదరాబాదులో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. వాటి ముందు రెండు రకాల మనుషులు నిలబడ్డారు. తెలంగాణ సాయుధ పోరాటంలోని కమ్యూనిస్టులు ఒకరు, రజాకార్లు, వాళ్లకు తోడ్పడ్డారన్న నిజాం అధికారులు మరొకరు. ఊళ్లలో ఒకరినొకరు చంపుకున్నవాళ్లు బోనులో మాత్రం ఒకే రకం చట్టం కింద నిలబడ్డారు.

మరణశిక్ష పడిన కమ్యూనిస్టుల పిటిషన్ జనార్దన్ రెడ్డి కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. విచారణ సరిగా జరగలేదన్నది వాళ్ల ఫిర్యాదు. 1951లో కోర్టు కొట్టేసింది. ట్రిబ్యునల్ తీర్పూ, హైకోర్టు ధ్రువీకరణా 1950 జనవరి 26కు ముందే అయిపోయాయి కనుక రాజ్యాంగ హక్కులు వెనక్కి వర్తించవని సారాంశం. కొద్ది వారాల తేడాతో హక్కు అందకుండా పోయింది. ఉరిశిక్షలు ఆ తర్వాత యావజ్జీవంగా మారాయంటే దానికి కారణం దేశదేశాల్లో జరిగిన ఆందోళన.

రజాకార్ నాయకుడు ఖాసిం రజ్వీ కూడా 14, 21 అధికరణాల మీద ఆధారపడి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. పౌరహక్కుల మీద ఏ గౌరవమూ లేని రాజకీయం నడిపిన మనిషి పౌరహక్కుల తలుపు తట్టాడు. 1953లో కోర్టు కొట్టేసింది. వరంగల్ సుబేదారుగా చేసిన హబీబ్ మొహమ్మద్ కేసు ఇంకా ఆలోచింపజేస్తుంది. ఒక పల్లె మీద జరిగిన దాడిలో హత్యలకు ఆయనే బాధ్యుడని ప్రత్యేక జడ్జి మరణశిక్ష వేశారు. ట్రిబ్యునల్ చట్టమే చెల్లదన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కానీ అదే ఏడాది, 1953లో, అప్పీలు విన్నప్పుడు శిక్ష కొట్టేసింది. సంఘటన చోట ఉన్న పెద్ద పోలీసు అధికారిని సాక్షిగా పిలవకుండా దాచడం అన్యాయమని తేల్చింది.

రజ్వీ మీద ప్రేమ ఉండనక్కర లేదు. నాకు లేదు. కానీ హక్కుకు పరీక్ష అక్కడే ఉంది. షోయబుల్లా ఖాన్‌కు హక్కు ఉండాలనడం తేలిక. ఆయన్ను ద్వేషించినవాళ్లకు కూడా న్యాయమైన విచారణ ఉండాలనడం కష్టం. ఆ కష్టమైన మాట అనలేకపోతే మొదటి మాటకు విలువ లేదు.

ఫజల్ అలీ

తెలుగువాళ్లకు ఫజల్ అలీ పేరు రాష్ట్రాల పునర్విభజన కమిషన్ వల్ల తెలుసు. తెలంగాణ మీద ఆ కమిషన్ చెప్పిన మాటలను 1969 నుంచి 2014 దాకా ప్రతి సభలోనూ చెప్పుకున్నారు. అంతకు ముందు ఆయన సుప్రీంకోర్టు జడ్జి. అక్కడ ఆయన చేసిన పని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ.

1950 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ దాన్ని సవాలు చేశారు. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. 1950 మే 19న తీర్పు వచ్చింది. నిర్బంధానికి చెప్పిన కారణాలను కోర్టుకు కూడా చూపరాదన్న ఒక్క సెక్షన్‌ను కొట్టేసి మిగతా చట్టాన్ని మెజారిటీ నిలబెట్టింది. 19, 21, 22 వేటికవే వేరు, చట్టసభ రాసిన పద్ధతి ఉంటే చాలు అంది.

ఫజల్ అలీ ఒప్పుకోలేదు. ఈ హక్కులు గోడలు కట్టుకున్న గదులు కావు, ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి అన్న అర్థంలో ఆయన రాశారు. చట్టం నిర్ణయించిన పద్ధతి అంటే మనిషికి నోటీసివ్వడం, అతని మాట వినడం, పక్షపాతం లేని న్యాయస్థానం ఉండడం కూడా అందులో ఇమిడి ఉండాలన్నారు. 1948లో సభలో కరీముద్దీన్ ఓడిన వాదనే 1950లో కోర్టులో మరో రూపంలో మళ్లీ ఓడింది. గెలవడానికి 28 ఏళ్లు పట్టింది. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారికే వచ్చింది. పద్ధతి ఉంటే చాలదు, అది న్యాయంగా, సహేతుకంగా ఉండాలంది.

ఒక కమ్యూనిస్టు కోసం ఒక ముస్లిం జడ్జి రాసిన అల్పసంఖ్యాక తీర్పు అది. ఇవాళ ఈ దేశంలో ఎవరి కులమేదైనా, మతమేదైనా, 21వ అధికరణం కింద కోర్టుకెళ్తే దాని నీడలోనే నిలబడుతున్నారు.

ఏ హద్దు న్యాయమైంది?

హద్దులే వద్దని ఎవరూ అనరు. పండుగ ఊరేగింపులో మసీదు ముందు ఆగి బూతులు పాడడం వాక్‌స్వాతంత్ర్యమని మనం ఒప్పుకోం. ప్రశ్న హద్దు ఉండాలా అన్నది కాదు. ఎవరు గీస్తారు, ఏ కారణం చెప్పి గీస్తారు, ఆ కారణాన్ని ఎవరు పరీక్షిస్తారు అన్నవే ప్రశ్నలు.

1950లో మద్రాసు ప్రభుత్వం క్రాస్‌రోడ్స్ పత్రికను రాష్ట్రంలోకి రానివ్వలేదు. సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. 19వ అధికరణంలో భావప్రకటనకు ఉన్న హద్దుల జాబితాలో ప్రజాశాంతి, విదేశాలతో స్నేహం, నేరానికి పురికొల్పడం చేరాయి. దానితో పాటే "సహేతుకమైన" అన్న మాట కూడా చేరింది. ఆ ఒక్క మాటతో కోర్టుకు గీటురాయి దొరికింది.

ప్రజాశాంతి అంటే ఏమిటి? 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో జస్టిస్ హిదయతుల్లా దీన్ని మూడు వలయాలతో చెప్పారు. పెద్ద వలయం శాంతిభద్రతలు. దాని లోపల ప్రజాశాంతి. దానికీ లోపల దేశ భద్రత. వీధిలో ఇద్దరు కొట్టుకుంటే అది మొదటి వలయంలోదే. దాన్ని చూపించి లోపలి వలయాల అధికారాలు వాడకూడదు. ఈ మూడు వలయాలనూ కలిపేయడమే మన పోలీసు వ్యవస్థకు అలవాటైన పని.

ఇక్కడ మన సమాజాన్నీ ఒక మాట అడగాలి. 1988లో ఒక నవల దిగుమతిని నిషేధించమన్నాం, ప్రభుత్వం నిషేధించింది, పండుగ చేసుకున్నాం. 2024 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధ ఉత్తర్వు ఏదీ అని అడిగితే అధికారులు చూపలేకపోయారు. ఉత్తర్వే లేదనుకోవలసి వస్తుందని కోర్టు అంది. 36 ఏళ్ల పాటు అందరూ తలవంచిన హద్దుకు చూపడానికి కాగితం లేదు. మన మనసు నొచ్చుకుందని ఎవరి నోరైనా మూయించవచ్చు అన్న వాదన మనం ఒప్పుకుంటే, రేపు మన అజాన్, మన తిండి, మన బట్ట చూసి మనసు నొచ్చుకునేవాళ్లకు జవాబు చెప్పలేం. వాళ్లు మనకంటే ఎక్కువమంది ఉన్నారు. ద్వేషంతో హింసకు పురికొల్పే మాట వేరు. మనకు రుచించని మాట వేరు. ఈ గీత మనమే చెరిపితే ముందు నష్టపోయేది మనమే.

హక్కు చచ్చిన ఏడాది, బతికిన ఏడాది

1975లో ఎమర్జెన్సీ పెట్టి 21వ అధికరణం కింద కోర్టుకెళ్లే దారి మూశారు. ఆ చీకట్లోనే డిసెంబర్ 1న ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధంలో ఉన్నవాడు కోర్టుకే రాలేడని 4-1 మెజారిటీతో తేల్చింది. ఆ ఒక్కడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. మెజారిటీలో జస్టిస్ ఎం.హెచ్. బేగ్ ఉన్నారు. ఫజల్ అలీని తలచుకున్నవాళ్లు ఈ పేరునూ తలచుకోవాలి. జడ్జి మతం హక్కులకు జామీను కాదు. ఆ తీర్పును 2017లో గానీ తుడిచివేయలేదు.

1978 జనవరిలో మేనకా తీర్పు వచ్చిందని చెప్పుకున్నాం కదా. అదే ఏడాది మార్చి చివర హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీ మీద పోలీసులు అత్యాచారం చేశారన్న ఆరోపణతో నగరం అట్టుడికింది. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. జనం వీధుల్లోకొచ్చారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ఆమె పేరు ఈ నగరానికి తెలుసు, ఇక్కడ మళ్లీ రాయనక్కర లేదు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా చూపింది. కేసు రాయచూరుకు బదిలీ అయింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ ముందు నిజంగా విచారణకు గురైంది ఆమె నడవడికే.

ఢిల్లీలో 21వ అధికరణానికి ప్రాణం పోసిన రెండు నెలలకే నల్లకుంటలో అది లాకప్ గోడ దాటి లోపలికి వెళ్లలేకపోయింది. హక్కు పుస్తకంలో పెరగడం ఒక చరిత్ర. పేటలోకి నడిచి రావడం ఇంకో చరిత్ర. ఆంధ్రప్రదేశ్‌లో పౌరహక్కుల ఉద్యమం, కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్లు దశాబ్దాల పాటు చేసింది ఈ రెండో చరిత్ర కోసం నడవడమే. వరంగల్‌లో డాక్టర్ రామనాథం 1985లో దానికి ప్రాణమే ఇచ్చారు.

అనుమానమే చట్టమైతే

1985లో పంజాబ్ పేరుతో టాడా వచ్చింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లింది. బెయిలు దాదాపు దొరకదు. పంజాబ్‌కు సంబంధం లేని చోట్ల ముస్లింల మీదా, మన రాష్ట్రంలో నక్సలైట్లన్న పేరుతో రైతుల మీదా అది పడింది. 1994లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1995లో గడువు ముగిసిపోయింది. 2002లో పోటా వచ్చింది, 2004లో రద్దయింది. రద్దయినదాంట్లో చాలా భాగం 1967 నాటి ఉపా చట్టంలోకి చేరింది. 2008లో దాని బెయిలు నిబంధన ఇంకా బిగిసింది. 2019 సవరణతో సంస్థను మాత్రమే కాదు, విచారణ లేకుండానే వ్యక్తిని కూడా టెర్రరిస్టుగా ప్రకటించవచ్చు. చట్టాల పేర్లు మారాయి. విచారణే శిక్షగా మారడం మారలేదు.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో పేలుడుకు తొమ్మిదిమంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. చచ్చింది ముస్లింలు, అనుమానంతో పట్టుకెళ్లిందీ ముస్లిం కుర్రాళ్లనే. చిత్రహింసలు జరిగాయని రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది నివేదిక ఇచ్చారు. కేసులు కోర్టులో నిలవలేదు. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పోయిన చదువులకూ, తప్పిపోయిన పెళ్లి సంబంధాలకూ చట్టంలో ఖాతా లేదు.

ఆ తర్వాత దర్యాప్తు హిందుత్వ బృందాల వైపు తిరిగింది. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు విచారించిన ఐదుగురినీ విడిచిపెట్టింది. ఆ తీర్పు మింగుడు పడదు. దర్యాప్తు ఎందుకు నీరుగారిందో అడుగుదాం, గట్టిగా అడుగుదాం. కానీ సాక్ష్యం లేకపోయినా శిక్ష వేయమని అడగలేం. మన కుర్రాళ్ల కోసం ఏ సూత్రం పట్టుకున్నామో అవతలివాళ్ల దగ్గరా ఆ సూత్రాన్నే పట్టుకోవాలి. ఇది మంచితనం కోసం చెప్పే మాట కాదు. ఆ సూత్రం ఒకసారి తెగితే, తెగిన చోట ముందు పడేది తక్కువమంది ఉన్నవాళ్లే.

"ఏ వ్యక్తినీ"

19వ అధికరణం పౌరులది. 21వ అధికరణం అట్లా కాదు. అది "ఏ వ్యక్తినీ" అంటుంది. ఏ వ్యక్తినీ న్యాయమైన పద్ధతి లేకుండా ప్రాణమో స్వేచ్ఛో లేకుండా చేయరాదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చాక, పౌరుడివని రుజువు చూపించు అన్న భయం ఇంటింటికీ పాకిన రోజుల్లో, ఈ తేడా ఎంత పెద్దదో అర్థమైంది. 2020 జనవరిలో హైదరాబాదులో లక్షలాదిగా వీధుల్లోకొచ్చినవాళ్ల చేతుల్లో జాతీయ జెండా ఉంది. సభల్లో రాజ్యాంగ పీఠిక చదివారు. ముస్లిం అస్తిత్వమూ పౌర అస్తిత్వమూ ఎదురెదురుగా నిలబడేవి కావని వాళ్లు ఏ వ్యాసమూ రాయకుండానే చెప్పారు.

చివరిగా మన ఇంటి సంగతి. 1986లో ఉమ్మడి రాష్ట్రం చేసిన ముందస్తు నిర్బంధ చట్టం ఉంది. జనం పీడీ యాక్టు అంటారు. కేసు రుజువు కాకపోయినా, గూండా అనో మరొకటనో పేరు పెట్టి మనిషిని 12 నెలల దాకా లోపల పెట్టవచ్చు. తెలంగాణ వచ్చాక కూడా అది కొనసాగింది. దాన్ని వాడిన తీరును సుప్రీంకోర్టు 2022లో, 2023లో, 2024లో వరుసగా తప్పుపట్టింది. 2023 సెప్టెంబర్ 4 తీర్పులో, దేశం 75 ఏళ్ల స్వాతంత్ర్య ఉత్సవాలు చేసుకుంటున్న వేళ కొందరు పోలీసు అధికారులకు పౌరుల ప్రాథమిక హక్కుల స్పృహే లేకుండా పోయిందన్న అర్థంలో బాధపడింది. శాంతిభద్రతలు వేరు, ప్రజాశాంతి వేరు అన్న హిదయతుల్లా వలయాలనే మళ్లీ గుర్తుచేయవలసి వచ్చింది.

ఆ మూడు తీర్పుల మీద ఉన్న పిటిషనర్ల పేర్లు చూస్తే ఒకటి హిందూ పేరు, ఒకటి ముస్లిం ఇల్లాలి పేరు, మరొకటి లంబాడీ ఇంటిపేరు. ముగ్గురూ ఒకే చట్టం కింద పోయిన తమవాళ్ల కోసం ఒకే అధికరణం పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లారు. ముగ్గురూ గెలిచారు.

1948 డిసెంబర్‌లో కరీముద్దీన్, మహబూబ్ అలీ బేగ్ అడిగింది ఈ ముగ్గురి కోసమే. అప్పుడు వాళ్ల మాటను ఒక ఓడిపోయిన సమాజం గొణుగుడుగా విన్నారు. ఆ మాట ఇవాళ చట్టం. దాన్ని మన ఊరి పోలీసు స్టేషన్ గడప దాటించే పని ఇంకా మిగిలే ఉంది. ఆ పని ఒక్క ముస్లింలదే కాదు. ముస్లింలు లేకుండా అయ్యేదీ కాదు.